కింద పడిన రాకెట్టు

2016 ఆగస్టు 19, శ్రావణ శుక్రవారం. కృష్ణా పుష్కరాలకు అది ఎనిమిదో రోజు. విజయవాడ పటమటలో మా రెండు గదుల ఇంట్లో ఆ సాయంత్రం పద్నాలుగు మంది ఉన్నాం. పొద్దున నదిలో మునిగి వచ్చినవారి తడి చీరలూ పంచెలూ వరండా తీగ మీద చోటు చాలక కిటికీ ఊచల మీదికీ, అక్కడి నుంచి నా కుట్టు మిషను మీదికీ పాకాయి. వంటింట్లో పెద్ద బేసిన్ నిండా పులిహోర. టీవీలో రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్. ఇటు పి.వి. సింధు, అటు స్పెయిన్ అమ్మాయి కరోలినా మరీన్.

ఆ పద్నాలుగు మందిలో ఆట నియమాలు తెలిసినది ఒక్కరికే, తొమ్మిదేళ్ళ మా అబ్బాయికి. ఆ సాయంత్రం ఇంటికి వాడే పెద్ద. ముందు 21 పాయింట్లు తెచ్చుకున్నవారిది గేమ్ అనీ, మూడింటిలో రెండు గెలవాలనీ అందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మా పెద్దత్తయ్యగారు జపమాల పక్కన పెట్టి శ్రద్ధగా విని, "మన పిల్ల ఏ పక్కన ఉంటుంది?" అని అడిగారు. గేమ్ అయ్యాక పక్కలు మారతారని వాడు చెప్పాడు. అప్పటి నుంచి ఆవిడకు ఆ ఆట మీద నమ్మకం పోయింది.

మొదటి గేమ్‌లో సింధు 16-19తో వెనకబడింది. ఇక అయిపోయిందనుకుని మా వారు పక్క గదిలోకి వెళ్ళిపోయారు. సింధు వరసగా ఐదు పాయింట్లు కొట్టి 21-19తో గేమ్ తీసుకుంది. వీధి వీధంతా ఒక్కసారిగా అరిచింది. తాను లేచి వెళ్ళడం వల్లే గెలిచిందని తేల్చుకుని, మిగతా ఆటంతా ఆయన ఆ గదిలోంచి బయటికి రాలేదు. అయినా రెండో గేమ్ 12-21తో పోయింది. మూడో గేమ్‌లో 10-10 దాకా లాక్కొచ్చి, ఆ తర్వాత 15-21తో ఓడిపోయింది. ఆట 83 నిమిషాలు సాగింది. మరీన్ కోర్టు మీద బోర్లా పడి ఏడ్చింది. రాకెట్టు ఎటో పడి ఉంది.

మా ఇంట్లో చాలామంది అప్పటికే విస్తళ్ళ కోసం లేచారు. నేను లేవలేదు, కుర్చీలో ఇరుక్కుని ఉన్నాను కాబట్టి. అందువల్లే చూడగలిగాను. సింధు వల దాటి అటు వైపు వెళ్ళింది. ఏడుస్తున్న అమ్మాయిని లేపి కౌగిలించుకుంది. తరువాత కింద పడి ఉన్న మరీన్ రాకెట్టును వంగి తీసి, తీసుకెళ్ళి ఆమె సంచి దగ్గర పెట్టింది.

అంతే. పట్టుమని పది సెకన్లు కూడా ఉండదు. ఆ తర్వాత ఎన్ని పతకాలు చూశానో లెక్క లేదు గానీ, నాలో మిగిలిపోయింది మాత్రం ఆ పది సెకన్లే. ఎందుకు మిగిలిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

స్ఫూర్తి అనే మాట వింటే నాకు సన్మాన శాలువాల బీరువా వాసన వేస్తుంది. ఎవరికైనా పతకం రాగానే వేదిక మీద వక్తలు మొదలుపెడతారు: ఈ విజయం యువతకు స్ఫూర్తి, ఇక ఇంటికో సింధు తయారవుతుంది అని. ఆ వారం అది మరీ ఎక్కువైంది. రాష్ట్రం విడిపోయి రెండేళ్ళే. రెండు ప్రభుత్వాలూ ఆ అమ్మాయి మాదంటే మాదని పోటీ పడ్డాయి. తెలంగాణ ఐదు కోట్లు, ఆంధ్రప్రదేశ్ మూడు కోట్లు ప్రకటించాయి. ఇళ్ళ స్థలాలు, ఉద్యోగం అదనం. హైదరాబాద్‌లో ఊరేగింపు, మర్నాడు విజయవాడలో సన్మానం. గెలిచినప్పుడు వాటాకు వచ్చేవారిని చూసి నవ్వుకున్నాను గానీ, నా ఇంట్లో మాత్రం ఏం జరిగింది? రెండో గేమ్ నడుస్తుండగా దూరపు బంధువు ఒకాయన, "ఇంతకీ ఎవరి అమ్మాయి?" అని అడిగారు. తెలుగువారికి ఆ ప్రశ్నను విడమరచి చెప్పనక్కర్లేదు. సింధు కులం ఏమిటని ఇంటర్నెట్‌లో వెతికినవారిలో మన రెండు రాష్ట్రాలే ముందున్నాయని ఆ తర్వాత పత్రికలు రాశాయి. మా బంధువు ఇంటర్నెట్ దాకా వెళ్ళలేదు, నన్నే అడిగారు. తేడా అంతే.

మరి ఇంటికో సింధు సంగతి? మా వీధిలో ఆ మర్నాడే మొదలైంది. కరెంటు స్తంభానికీ ఎదురింటివారి సన్నజాజి పందిరికీ మధ్య నవారు తాడు కట్టారు. రాకెట్లు దొరకనివారు పరీక్ష అట్టలతో ఆడారు. కాక్ మురుగు కాలువలో పడితే కర్రతో తీసి, కడిగి, ఎండబెట్టి మళ్ళీ ఆడారు. మా అబ్బాయికి నేనూ ఒక జత రాకెట్లు కొన్నాను. సరిగ్గా రెండు వారాలు సాగింది. వినాయక చవితి వచ్చింది, తాడు కట్టిన చోటే పందిరి వేశారు, నిమజ్జనం అయ్యేసరికి పిల్లలు మళ్ళీ క్రికెట్‌లో పడ్డారు. ఆ రాకెట్లు ఇప్పటికీ మా అల్మరా పైన ఉన్నాయి. ఒకదాన్ని దోమలు కొట్టడానికి వాడబోయి, తీగలు దూరంగా ఉండటం వల్ల మానేశాం.

ఇది మా వీధి బద్ధకమేనని అనుకునేదాన్ని. కాదట. 2012 ఒలింపిక్స్‌కు లండన్ పెట్టుకున్న నినాదమే ఒక తరానికి స్ఫూర్తినిద్దాం అని. ఆటలు చూసి దేశమంతా మైదానాల్లోకి దిగుతుందని వాగ్దానం చేశారు. బ్రిటన్ పార్లమెంటు పద్దుల సంఘం పదేళ్ళ తర్వాత లెక్క చూస్తే, ఒలింపిక్స్ తర్వాతి మొదటి మూడేళ్ళలో వారానికి ఒక్కసారైనా ఆడే పెద్దవారి సంఖ్య పెరగకపోగా తగ్గిందని తేలింది. అంత ఖర్చు, అంత ఆర్భాటం. అదే లండన్‌లో 2004లో బుషీ పార్కులో ఒక శనివారం పదముగ్గురు కలిసి పరుగు మొదలుపెట్టారు. పతకాలు లేవు, ప్రవేశ రుసుము లేదు. పార్క్‌రన్ అనే ఆ పరుగు ఈ రోజు ఎన్నో దేశాల్లో నడుస్తోంది. టీవీ చూసి లేచినవారు మళ్ళీ కూర్చుంటారు. ఇంటి దగ్గర పార్కు, వారం వారం ఎదురుచూసే నలుగురు ఉన్నవారు మాత్రం కూర్చోరు.

సింధు విషయమే చూడండి. చిన్నప్పుడు 2001లో పుల్లెల గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలవడం చూసి రాకెట్టు పట్టిందని అందరూ చెబుతారు. నిజమే. కానీ ఆ గెలుపును దేశంలో లక్షల మంది పిల్లలు చూశారు. సింధు తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన వాలీబాల్ జట్టు సభ్యుడు, తల్లి విజయ కూడా వాలీబాల్ క్రీడాకారిణే. సికింద్రాబాద్‌లో రైల్వే వారి కోర్టులు దగ్గరలో ఉన్నాయి, మెహబూబ్ అలీ అనే కోచ్ ఉన్నారు, ఆ తర్వాత గోపీచంద్ తన అకాడమీయే పెట్టారు. నిప్పురవ్వ ఎవరి మీదైనా పడుతుంది. అది అంటుకోవడానికి కింద ఎండుగడ్డి ఉండాలి. మా వీధిలో ఉన్నది సిమెంటు.

అందుకని మా మరిది అనే మాటలో సగం నిజం ఉంది. "వాళ్ళు అక్కడ చెమటోడుస్తుంటే మీరు ఇక్కడ పులిహోర తింటూ చూసి బాగుపడేదేముంది వదినా?" అంటాడు. పోటీలు చూస్తే జనం ఆటగాళ్ళవుతారు అనే వాదనతో నాకూ పేచీ ఉంది. మిగతా సగంతో మాత్రం ఒప్పుకోను. చూసేవారికి అందేది ఉంది. అది ఆటలోకి వెళ్ళదు, ఇంకెక్కడికో వెళుతుంది. పైగా అది గెలిచినవారి నుంచి అందేది చాలా తక్కువ.

ఆలోచించండి. గెలిచినవారి నుంచి మనం ఏం నేర్చుకుంటాం? కష్టపడితే ఫలితం ఉంటుందని. అది ఒకటో తరగతి పుస్తకంలోనే ఉంది. పైగా పూర్తిగా నిజం కూడా కాదు, ఓడినవారూ అంతే కష్టపడ్డారు. పి.టి. ఉష 1984లో లాస్ ఏంజిలిస్‌లో 400 మీటర్ల హర్డిల్స్ 55.42 సెకన్లలో పరుగెత్తింది. కాంస్యం గెలిచిన అమ్మాయి సమయం 55.41. ఆ సెకనులో నూరో వంతు గురించి మా నాన్నగారు బతికున్నంత కాలం చెప్పారు. ఆ ఏడాది 400 మీటర్ల హర్డిల్స్‌లో బంగారం ఎవరిదో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

మన శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి కథను కూడా మనం సగమే చెప్పుకుంటాం. 2000 సెప్టెంబరులో సిడ్నీలో, ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగ్‌ను ఒలింపిక్స్‌లో పెట్టిన మొదటిసారే, 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో (ఒక్క ఊపులో తల పైకి) 110, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల పైకి) 130 ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఇక్కడితో కథ ఆపేస్తాం. బంగారం, వెండి గెలిచిన ఇద్దరూ ఎత్తిన మొత్తం 242.5 కిలోలు. మల్లీశ్వరిది 240. క్లీన్ అండ్ జెర్క్‌లో చివరి ప్రయత్నానికి ఆమె 137.5 పెట్టించుకుంది. ఎత్తి ఉంటే బంగారం. బరువు నిలవలేదు, కింద పడింది. ఆ పడిన బరువే నాకు ఇష్టం. చేతికి అందిన దానితో సరిపెట్టుకోకుండా ఏడున్నర కిలోలు ఎక్కువ అడిగింది ఆ మనిషి. అడిగి ఓడింది.

మామూలు మనుషుల బతుకుల్లో పతకాల రోజులు ఎన్ని ఉంటాయి? పెళ్ళి, ఉద్యోగం, పిల్లల పుట్టుక, ఓ ఇల్లు. వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ రెండో రౌండులో ఓడిన రోజులే. గెలవడం మనకు నేర్పడానికి అందరూ సిద్ధంగా ఉంటారు. ఓడిపోయిన మరుక్షణం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో, ముఖం ఎలా ఉంచాలో, ఎదుటివారితో ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పరు. బడిలో లేదు, ఇంట్లో అసలే లేదు. మా ఇంట్లో అయితే ఓడినవారిని చూడటానికి వచ్చినవారే ఎక్కువ ఏడిపించి వెళతారు. కోట్ల మంది చూస్తుండగా ఒక మనిషి నిలువునా ఓడి, వెంటనే ఏదో ఒకటి చేయాల్సి రావడం, ఆ చేసేదాన్ని మనం దగ్గర నుంచి చూడగలగడం ఈ పెద్ద పోటీల్లోనే దొరుకుతుంది. నాకు దొరికింది అక్కడే.

ఇప్పుడు నా సంగతి చెప్పుకోవాలి. ఆ ఫైనల్‌కు రెండు రోజుల ముందు మా ఆఫీసులో ప్రమోషన్ పరీక్ష ఫలితాలు వచ్చాయి. నేను రాయడం అది రెండోసారి. పోయింది. నా పక్క సీటు అమ్మాయి మొదటిసారే గెలిచింది. నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న, ఉద్యోగంలో చేరిన కొత్తలో లెడ్జరు చూడటం నేనే నేర్పాను. నన్ను అక్కా అని పిలుస్తుంది. స్వీట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెడితే, షుగర్ పరీక్ష చేయించుకోవాలి అన్నాను. అబద్ధం. నాకు షుగరు లేదు, అప్పటికి. ఆ రెండు రోజులూ ఆ అమ్మాయి కనబడితే చాలు, ఫోను చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి ఆ అమ్మాయి పై అంతస్తులోని కొత్త సీటుకు ఫైళ్ళు సర్దుకుంటోంది. అటెండరు పుష్కరాల సెలవులో ఉన్నాడు, లిఫ్టు పాడై ఉంది. నేను లేచి వెళ్ళి ఒక కట్ట ఎత్తుకున్నాను. ఏమీ మాట్లాడలేదు. నాలుగుసార్లు ఎక్కి దిగాం. నాలుగోసారి మెట్ల మీద ఆ అమ్మాయి, "అక్కా, మీరు నా మీద కోపంగా ఉన్నారనుకున్నాను" అంది. "ఉన్నాను" అన్నాను. ఇద్దరం నవ్వాం. నా మనసులో మంట ఆరిందని చెప్పను. ఫైళ్ళు మోయడానికి మంట ఆరేదాకా ఆగనక్కర్లేదని మాత్రం ఆ రోజు తెలిసింది. సింధుకు ఆ క్షణంలో లోపల ఎలా ఉందో మనకేం తెలుసు? రాకెట్టు మాత్రం తీసి పెట్టింది.

ఇది చదివి, ఆ తర్వాత పట్టుదలతో మూడోసారి రాసి గెలిచి ఉంటుందని అనుకుంటున్నవారికి క్షమాపణలు. మూడోసారీ పోయింది. నాలుగోసారి రాయలేదు. ప్రమోషన్ వస్తే బదిలీ తప్పదు, మా అత్తగారి మోకాళ్ళు బదిలీకి ఒప్పుకోవు. ఇప్పటికీ అదే సీటు. కిటికీ మాత్రం బాగుంటుంది.

రియో కథ అక్కడితో ముగియలేదు. సింధు 2021 ఆగస్టు 1న టోక్యోలో చైనా అమ్మాయి హీ బింగ్‌జియావోను ఓడించి కాంస్యం గెలిచింది. మరీన్ మోకాలి గాయం వల్ల టోక్యోకే రాలేకపోయింది. సరిగ్గా మూడేళ్ళకు, 2024 ఆగస్టు 1న ప్యారిస్‌లో అదే హీ బింగ్‌జియావో సింధును ఇంటికి పంపింది. ఆ అమ్మాయికి సెమీఫైనల్‌లో ఎదురైంది మరీన్. మొదటి గేమ్ 21-14తో మరీన్‌దే. రెండో దాంట్లోనూ ముందుంది. గాల్లోకి లేచి దిగేటప్పుడు మోకాలు మళ్ళీ తిరిగింది. మోకాలికి పట్టీ వేసుకుని ఆడబోయి, చేతకాక, కోర్టు మీదే కూలబడి ఏడ్చింది. అలా ఫైనల్‌కు చేరిన హీ బింగ్‌జియావో అందులో ఓడింది. వెండి పతకం అందుకోవడానికి వేదిక ఎక్కినప్పుడు చేతిలో చిన్న స్పెయిన్ పిన్ను పట్టుకుని నిలబడింది. ఎనిమిదేళ్ళ కిందట మరీన్ రాకెట్టును ఒకరు తీశారు, ఇప్పుడు మరీన్ దేశపు గుర్తును మరొకరు మోశారు. ఎవరూ ఎవరికీ చెప్పి చేయించింది కాదు. ఆ రాత్రి మా అబ్బాయి హైదరాబాద్ హాస్టల్ నుంచి ఫోను చేసి, "అమ్మా, పిన్ను చూశావా?" అని అడిగాడు. వాడు రియో ఫైనల్ నుంచి నాలాగే దాచుకున్నది ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ నెల గడిచేసరికి మా ఊళ్ళో ఎవరికీ ఆటల ధ్యాస లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ మీద పడింది. సింగ్‌నగర్‌లో మా చెల్లెలి ఇల్లు నడుముల్లోతు నీళ్ళలో ఉంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద, అంతకు ముందెన్నడూ చూడనంత. చెల్లెలూ మరిదీ పిల్లలూ, వాళ్ళ అత్తగారూ, కింది వాటా వాళ్ళు ఇద్దరూ పడవలో బయటపడి మా ఇంటికి చేరారు. మళ్ళీ రెండు గదుల్లో పద్నాలుగు మందికి దగ్గరగా ఉన్నాం. మళ్ళీ కిటికీ ఊచల మీద తడి బట్టలు. ఈసారి వాటికి బురద వాసన.

చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. తినమంటే తినేది, పడుకోమంటే పడుకునేది. మూడో తేదీ రాత్రి పిల్లలు ఫోనులో ప్యారిస్ పారాలింపిక్స్ పెట్టారు. వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 400 మీటర్ల ఫైనల్. టీ20 విభాగం అని వినబడగానే మా వారు క్రికెట్ అనుకుని లేచి వచ్చారు. మేధో వైకల్యం ఉన్నవారి పరుగుల విభాగానికి ఆ పేరని పిల్లలు చెప్పారు. ఆ అమ్మాయిని చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని మాటలు అనేవారో, ఆ ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు ఎలా పెట్టిందో నేను చెప్పాను. ఆ రికార్డును టర్కీ అమ్మాయి ప్యారిస్ హీట్స్‌లోనే దాటేసిందని మా అక్క కొడుకు చెప్పాడు.

ఫోను చుట్టూ పదకొండు తలలు. దీప్తి 55.82 సెకన్లలో మూడోదిగా వచ్చింది. ఉక్రెయిన్ అమ్మాయి మొదట, టర్కీ అమ్మాయి రెండు. పిల్లలు చప్పట్లు కొట్టి, పెద్దవాళ్ళు పడుకున్నారని గుర్తొచ్చి ఆగారు.

గోడకు ఆనుకుని కూర్చున్న మా చెల్లెలు, "అంటే ఆ అమ్మాయి రికార్డు పోయిన తర్వాతే ఈ పరుగు పరుగెత్తిందా?" అని అడిగింది.

"అవును" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అక్కా, ఒక కాగితం, పెన్ను ఉంటే ఇవ్వు. నీళ్ళు తీయగానే కావాల్సినవి రాసుకోవాలి" అంది. బియ్యం కార్డు వెనక ఉన్న నోట్‌బుక్‌లోంచి ఒక పేజీ చించి ఇచ్చాను. ఫోను వెలుతురులోనే రాయడం మొదలుపెట్టింది. చీపుళ్ళు నాలుగు. బ్లీచింగ్ పౌడరు. బకెట్లు రెండు.